పిల్లలతో హాలోవీన్: గుమ్మడికాయ, వేషాలు, క్యాండీ – పక్కా వివరాలు ఇక్కడ రాయండి

వీధిదీపం · అక్టోబరు 10, ఉదయం 9:14

ఈసారి హాలోవీన్, అంటే అక్టోబరు 31, శనివారం పడింది. బడి హడావుడి లేదు, ఆఫీసు లేదు. అమెరికాకు కొత్తగా వచ్చిన మనవాళ్ల కుటుంబాలకు ఇంతకన్నా మంచి ఏడాది దొరకదు. ఎవరికి ఏది బాగా తెలుసో అది కొలతలతో సహా రాయండి. "గుమ్మడికాయ తెచ్చి చెక్కండి" అంటే చాలదు. ఎప్పుడు తేవాలి, ఎలా చెక్కాలి, ఎందుకు పాడవుతుంది అన్నీ కావాలి.

సమయం సంగతి నేను మొదలుపెడతాను. చాలా రాష్ట్రాల్లో గడియారం నవంబరు మొదటి ఆదివారం తెల్లవారుజామున గంట వెనక్కి వెళుతుంది. అంటే ఈ ఏడాది సరిగ్గా ఆ రాత్రే. 31న డాలస్‌లో సుమారు ఆరున్నర దాటాక, షికాగోలో ఆరు గంటలకు కాస్త ముందే సూర్యాస్తమయం. మీ ఊళ్లో ఎంతకో చూసుకుని, అయిదేళ్ల లోపు పిల్లల్ని దానికి అరగంట ముందే బయటికి తీసుకెళ్లండి. వెలుతురు ఉండగా వాళ్లకు భయం ఉండదు, మెట్లు కనిపిస్తాయి. ఆ వయసుకు ముప్పావు గంట చాలు. మర్నాడు పిల్లలు గంట ముందే లేస్తారు, దానికీ సిద్ధంగా ఉండండి.

ఇంకొకటి. చాలా ఊళ్లలో ట్రిక్ ఆర్ ట్రీట్ (పిల్లలు వేషాలతో ఇంటింటికీ వెళ్లి క్యాండీ అడగడం) వేళలు నగర పాలక సంస్థే ప్రకటిస్తుంది. ఐయోవాలోని డెమాయిన్‌లో దశాబ్దాలపాటు అక్టోబరు 30నే వెళ్లేవారు, పైగా క్యాండీ కావాలంటే పిల్లలు ఒక జోక్ చెప్పాలి. మీ ఊరి వెబ్‌సైట్ ఒకసారి చూడండి.

గుమ్మడితోట · అక్టోబరు 10, ఉదయం 11:40

మొహం చెక్కి లోపల దీపం పెట్టే గుమ్మడికాయ సంగతి నేను రాస్తాను. కాస్త పొడుగవుతుంది.

కొనేటప్పుడు తొడిమ పట్టుకుని ఎత్తకండి. తొడిమ ఊడితే ఆ గుంటలోంచే కుళ్లు మొదలవుతుంది. అడుగుభాగం బొటనవేలితో నొక్కి చూడండి, మెత్తగా తగిలితే వదిలేయండి. కాయ కోయకుండా నీడలో, చల్లగా ఉంచితే వారాల తరబడి ఉంటుంది. ఒకసారి చెక్కాక మూడు నుంచి అయిదు రోజులే. టెక్సస్, ఫ్లోరిడా, ఆరిజోనా ఎండల్లో రెండు రోజులు ఆగితే గొప్ప. కాబట్టి కొనడం ఇప్పుడే కొనండి, చెక్కడం మాత్రం 29 సాయంత్రం కానీ 30న కానీ.

చాలామంది పైన మూత కోస్తారు. నేను అడుగున కోయమంటాను. పైమూత రెండో రోజుకి ఎండి ముడుచుకుని లోపల పడిపోతుంది. అడుగున గుండ్రంగా కోస్తే కాయను దీపం మీద బోర్లించినట్టు పెట్టేయొచ్చు, చెయ్యి లోపలికి దూర్చే పని ఉండదు. పైనే కోయాలనుకుంటే కత్తిని లోపలికి వాలుగా పట్టుకుని కోయండి, అప్పుడు మూత జారదు. ఒకచోట చిన్న గాటు పెడితే తిరిగి ఏ దిక్కున పెట్టాలో తెలుస్తుంది.

గింజలు, పీచు తీశాక అసలు పని: మొహం చెక్కే వైపు గోడను ఒక అంగుళం మందం వచ్చేదాకా గట్టి స్పూనుతో గీకాలి. మందంగా వదిలేస్తే రంపం కదలదు, వెలుతురు బయటికి రాదు. మరీ పల్చన చేస్తే మర్నాటికి మొహం లోపలికి వంగిపోతుంది. పీచు ఎంత మిగిలితే బూజు అంత తొందరగా వస్తుంది.

బొమ్మను కాగితం మీద గీసి, టేపుతో అంటించి, గీత వెంట పిన్నుతో పావు అంగుళానికి ఒక చుక్క చొప్పున పొడవండి. కాగితం తీశాక చుక్కలు కనిపించకపోతే కాస్త మైదా రుద్దండి. కోసేటప్పుడు మధ్యలో ఉన్న చిన్న ముక్కలు ముందు, అంచున ఉన్న పెద్ద ముక్కలు చివర. పెద్ద నోరు ముందే కోసేస్తే కాయ బలం పోయి, కళ్లు కోసేటప్పుడు చీలుతుంది. ఒక పన్ను విరిగితే కంగారు పడకండి, టూత్‌పిక్ సగం లోపల సగం బయట గుచ్చి అతికిస్తే నిలుస్తుంది.

వంటింటి కత్తి వద్దు. అది గట్టి తొక్కలో ఇరుక్కుని, బలంగా లాగినప్పుడు ఒక్కసారిగా జారుతుంది. చేతులు తెగేది అలాగే. దుకాణాల్లో అయిదారు డాలర్లకు దొరికే సన్నపళ్ల చిన్న రంపం మేలు. అదీ పెద్దల చేతిలోనే. చిన్నపిల్లలకు గింజలు తీసే పని, బొమ్మ గీసే పని ఇవ్వండి, అసలు సరదా వాళ్లకు అందులోనే. మూడునాలుగేళ్ల పిల్లలకైతే చెక్కని కాయ, యాక్రిలిక్ రంగులు, బ్రష్షు ఇచ్చేయండి.

చెక్కాక ఒక గాలన్ నీటికి ఒక టేబుల్ స్పూను బ్లీచ్ కలిపి అయిదారు నిమిషాలు ముంచి, బోర్లించి ఆరనిచ్చి, కోసిన అంచులకు వేజలిన్ రాయండి. బ్లీచ్ బూజును ఆపుతుంది, వేజలిన్ తేమ పోకుండా చూస్తుంది. బ్లీచ్‌లో వెనిగర్ మాత్రం కలపకండి, విషవాయువు పుడుతుంది. లోపల ఎల్‌ఈడీ దీపమే పెట్టండి. నిజం కొవ్వొత్తి వేడికి కాయ తొందరగా మెత్తబడుతుంది, పైగా గుమ్మం దగ్గర పొడుగు గౌన్లు తిరుగుతుంటాయి.

మిషిగన్ చలి · అక్టోబరు 10, మధ్యాహ్నం 1:05

ఒక్క చేర్పు. ఉత్తరాదిలో ఉన్నవాళ్లు రాత్రి 32 డిగ్రీల ఫారన్‌హీట్ కిందికి వెళ్తుందంటే చెక్కిన కాయను గరాజ్‌లో పెట్టుకోండి. గడ్డకట్టిన కాయ పొద్దున ఎండ తగలగానే ఉడికించినట్టు మెత్తబడి కూలిపోతుంది. చల్లదనం మంచిదే, గడ్డకడితేనే చిక్కు.

బుజ్జమ్మ · అక్టోబరు 10, మధ్యాహ్నం 2:22

ఉడతలతో ఏం చెయ్యాలండీ? మా వీధిలో ప్రతి గుమ్మంలోనూ కొరికేస్తున్నాయి. కారం నీళ్లు చల్లమంటున్నారు.

గుమ్మడితోట · అక్టోబరు 10, మధ్యాహ్నం 3:10

కారం పనిచేస్తుంది బుజ్జమ్మ గారూ, ఉడతలకు మంట తెలుస్తుంది. కానీ పిల్లలు ఆ కాయను పట్టుకుని అదే చేత్తో కళ్లు నలుపుకుంటారు. చెక్కని కాయలకు వారం ముందు చల్లుకోండి, 31 పొద్దున తడిగుడ్డతో తుడిచేయండి. చెక్కిన కాయను రాత్రిళ్లు లోపల పెట్టుకోవడమే సులువు. గింజలు ఒక్కటి కూడా పోర్చ్ మీద పడకుండా చూడండి, వాసన పట్టేది అక్కడే.

పోపులపెట్టె · అక్టోబరు 10, సాయంత్రం 5:48

గింజలు పారేయకండి. కడిగి, లీటరు నీటిలో ఒక టేబుల్ స్పూను ఉప్పేసి పది నిమిషాలు ఉడికించండి. వడగట్టి బట్ట మీద బాగా ఆరబెట్టండి. తడిగా ఓవెన్‌లో పెడితే వేగవు, ఆవిరికి ఉడికి తోలులా సాగుతాయి. కప్పు గింజలకు ఒక టీస్పూను నూనె పట్టించి 325 డిగ్రీల ఫారన్‌హీట్‌లో 20 నుంచి 25 నిమిషాలు, మధ్యలో రెండుసార్లు కలపండి. కారం, జీలకర్ర పొడి బయటికి తీశాకే వేడి మీద చల్లాలి. ముందే వేస్తే కారం మాడి చేదెక్కుతుంది. కరివేపాకు మాత్రం చివరి అయిదు నిమిషాలకు ట్రే మీద వేయండి.

పులుసుకూ హల్వాకూ మాత్రం చెక్కే పెద్ద కాయ వద్దు. అది నీళ్లగా, పీచుగా ఉంటుంది, తీపి ఉండదు. "పై పంప్‌కిన్" (pie pumpkin) అనే పేరుతో అమ్మే చిన్న కాయ తెచ్చుకోండి. బెల్లం తక్కువ పడుతుంది, ముక్క విడిపోదు. చెక్కి రెండురోజులు గుమ్మంలో పెట్టిన కాయ, బ్లీచ్‌లో ముంచిన కాయ దేనికీ పనికిరావు, వండకండి.

సూదీదారం · అక్టోబరు 11, ఉదయం 8:30

వేషాల గురించి. కొన్న కాస్ట్యూమ్ అయినా ఇంట్లో కుట్టింది అయినా మూడు చూడాలి. అంచు చీలమండ పైనే ఆగాలి. మాస్కు బదులు మొహానికి రంగు మేలు, ఎందుకంటే మాస్కు కంతల్లోంచి పక్కలు కనిపించవు, పిల్లలు తల తిప్పకుండానే రోడ్డు దాటేస్తారు. రంగును ఒకరోజు ముందు ముంజేతికి కొంచెం రాసి చూడండి, దద్దుర్లు వస్తే తెలుస్తుంది. మూడోది, వెనకా ముందూ కూడా మెరిసే టేపు. క్యాండీ సంచికి కూడా అంటించండి.

చలి ఊళ్లలో ఒక సైజు పెద్దది కొని లోపల థర్మల్, స్వెటర్ వేయండి. పైన కోటు వేస్తే వేషం కనిపించదు, పిల్ల ఏడుస్తుంది. టీనేజ్ పిల్లలు రంగు కాంటాక్ట్ లెన్సులు అడుగుతారు. అమెరికాలో డాక్టరు చీటీ లేకుండా అవి అమ్మడం చట్టవిరుద్ధం, కంటి కొలత లేని లెన్సు కార్నియాను గీస్తుంది. ఒప్పుకోకండి.

ఇల్లంతా కలిసి వేసే వేషం కావాలంటే మనకు విక్రమార్కుడు, బేతాళుడు ఉండగా వేరేది వెతకడం ఎందుకు? నాన్న విక్రమార్కుడు, వీపు మీద బిడ్డ బేతాళుడు. ఇలా చేయండి:

వీపున మోసే చైల్డ్ క్యారియర్ తీసుకోండి. ఎంత బరువుదాకా మోస్తుందో దాని మీద రాసి ఉంటుంది, అది దాటకండి. బిడ్డకు తెల్ల స్వెటర్, తెల్ల ప్యాంటు, తెల్ల ఉన్ని టోపీ. టోపీకి నెరిసిన జుట్టులా తెల్ల ఊలు దారాలు అడుగు పొడవున కుట్టండి, చెవుల వెనక మాత్రమే. మొహం మీదికి, మెడ చుట్టూ దారం రాకూడదు. పాత పంచెను రెండు ముక్కలు చేసి క్యారియర్ పట్టీలకు వెల్క్రోతో బిగించి కిందికి జారవిడవండి; చిక్కుకుంటే లాగగానే ఊడి రావాలి. ముడి వేయకండి. నాన్నకు ధోవతి, నడుముకు జరీ కండువా, అట్టముక్కకు బంగారు కాగితం అంటించిన కిరీటం. కత్తి మెత్తటి ఫోమ్‌దే. రెండో బిడ్డ ఉంటే మర్రిచెట్టు వేషం: ముదురురంగు దుస్తుల మీద జనపనార తాళ్లు మోకాళ్లదాకా వేలాడతాయి. అమ్మ చేతిలో లాంతరు. గుమ్మం దగ్గర బేతాళుడు ఒక ప్రశ్న అడిగితే ఇంటివాళ్లు ఎంత మురిసిపోతారో!

వీధిదీపం · అక్టోబరు 11, ఉదయం 9:02

బేతాళుడి ఆలోచన అద్భుతం సూదీదారం గారూ. మాటలొచ్చిన పిల్లలైతే ఒక పొడుపుకథ బట్టీ పట్టించొచ్చు, ఇంగ్లీషులో అడిగినా సరే.

అట్టమీద అక్షరాలు · అక్టోబరు 11, ఉదయం 10:15

శాకాహారుల ఇళ్లకు క్యాండీ సంచి పెద్ద చిక్కు. అమెరికా సరుకు గురించే చెబుతున్నాను, వేరే దేశంలో అదే పేరుకు వేరే దినుసులు ఉండొచ్చు.

జెలటిన్ (జంతువుల చర్మం, ఎముకల నుంచి తీసేది) ఉండేవి: మార్ష్‌మెల్లో, హరీబో గమ్మీ బేర్స్, స్టార్‌బర్స్ట్, చాలా రకాల క్యాండీ కార్న్. క్యాండీ కార్న్ మెరుపుకు వాడే కన్ఫెక్షనర్స్ గ్లేజ్ లక్కపురుగుల నుంచి వచ్చేది. జెలటిన్ లేనివి: స్కిటిల్స్, సవర్ ప్యాచ్ కిడ్స్, స్వీడిష్ ఫిష్, అమెరికన్ స్మార్టీస్.

గుడ్డు కూడా తినని వాళ్లు చూడాల్సినవి: స్నికర్స్, మిల్కీ వే, త్రీ మస్కటీర్స్ మూడింటిలోనూ గుడ్డు తెల్లసొన ఉంటుంది. చాక్లెట్టే కదా అని ఎవరూ అనుమానించరు. దినుసులు మారుతుంటాయి కాబట్టి ఏటా కొత్తగా చదవాలి.

అలర్జీ ఉన్న పిల్లలకైతే ఇంకో మెలిక ఉంది. ఒకే చాక్లెట్ పెద్ద సైజులో, చిన్న ఫన్ సైజులో వేర్వేరు చోట్ల తయారవొచ్చు, దినుసులు తేడాగా ఉండొచ్చు. ఫన్ సైజు ముక్క మీద ఒక్కోసారి దినుసుల పట్టీయే ఉండదు. పట్టీ లేనిది బిడ్డకు ఇవ్వకండి. ఇంటికొచ్చేదాకా ఒక్కటీ నోట్లో పెట్టకూడదన్నది ముందే చెప్పి, జేబులో మీకు నమ్మకమున్న చాక్లెట్లు రెండు ఉంచుకోండి.

గుమ్మంలో నీలిఆకుపచ్చ గుమ్మడికాయ కనిపిస్తే ఆ ఇంట్లో తిండి కానివి కూడా ఇస్తారని అర్థం. 2012లో టెనెసీలో ఒక స్థానిక అలర్జీ బృందం మొదలుపెట్టింది, 2014లో ఫుడ్ అలర్జీ రీసెర్చ్ అండ్ ఎడ్యుకేషన్ సంస్థ దేశమంతటా ప్రచారం చేసింది. మీరూ పెట్టండి. పెన్సిళ్లు, స్టిక్కర్లు, సబ్బు బుడగల సీసాలు చాలు. క్యాండీకి ఒక గిన్నె, వీటికి వేరే గిన్నె. ప్లే-డో మాత్రం వద్దు, అందులో గోధుమ ఉంటుంది. టాయిలెట్ పేపర్ గొట్టంలోంచి జారిపోయేంత చిన్న బొమ్మ మూడేళ్ల లోపు పిల్లలకు ఇవ్వకండి, గొంతులో పడుతుంది. నాలుగేళ్ల లోపు వాళ్లకు గట్టి గుండ్రటి క్యాండీ కూడా అంతే.

బుజ్జమ్మ · అక్టోబరు 11, ఉదయం 11:31

కుక్కలున్న ఇళ్లవాళ్లు సంచి పైన అందనిచోట పెట్టండి. చాక్లెట్ కుక్కలకు విషం. జైలిటాల్ (చక్కెర బదులు వాడే తీపి పదార్థం) వేసిన చక్కెర లేని చూయింగ్ గమ్ ఇంకా ప్రమాదం.

మాదాపూర్ మేడ · అక్టోబరు 11, మధ్యాహ్నం 12:20

హైదరాబాద్ నుంచి. మా గేటెడ్ కమ్యూనిటీలో పిల్లలు చేస్తామంటున్నారు. మన గుమ్మడికాయ చెక్కొచ్చా?

గుమ్మడితోట · అక్టోబరు 11, మధ్యాహ్నం 12:58

చెక్కొచ్చండి, కాకపోతే మన కాయకు కండ ఎక్కువ, లోపలి గుల్ల చిన్నది. మూడు నాలుగు కిలోల కాయ తీసుకుని, అడుగున పెద్ద కంత పెట్టి, మొహం వైపు కండ బాగా గీకాలి. ఆ గీకిన కండ శుభ్రమైనదే, ఆరోజే దప్పళంలోకి వాడేయండి. అక్కడి వేడికి 31 మధ్యాహ్నమే చెక్కండి. పిల్లలు చాలామంది ఉంటే చిన్న పుచ్చకాయలు ఇంకా తేలిక: పచ్చతొక్క మీద గీస్తే తెల్లగా, లోతుగా కోస్తే ఎర్రగా వెలుగుతుంది.

పోపులపెట్టె · అక్టోబరు 11, సాయంత్రం 6:40

చలో వానో వచ్చి బయటికి వెళ్లలేకపోతే "ఏముందో చెప్పు" పెట్టెలు ఆడించండి. బూట్ల డబ్బాకు నాలుగు అంగుళాల గుండ్రటి కంత కోసి, పాత సాక్సు పైభాగం కత్తిరించి కంతకు లోపల అంటించండి. చెయ్యి దూరుతుంది, కన్ను దూరదు. లోపల గిన్నె.

కప్పగుడ్లకు పెద్ద సగ్గుబియ్యం: అరగంట నానబెట్టి, మధ్యలో తెల్లచుక్క పోయేదాకా ఉడికించి, చన్నీళ్లలో కడిగి ఆ నీళ్లలోనే ఉంచండి. నీళ్లు వంపేస్తే పావుగంటలో ముద్దకడుతుంది. పేగులకు సేమియా సన్నం, విరిగిపోతుంది. స్పఘెటీ ఉడికించి టేబుల్ స్పూను నూనె పట్టించండి. కళ్లకు డబ్బా లిచీ పండ్లు, గుంటలో ఒక్కో బ్లూబెర్రీ. ఎండు ఆప్రికాట్లు చెవులు. అన్నీ అదే మధ్యాహ్నం చేసుకోవాలి. చిన్నపిల్లలు తాకడమే, లిచీ మింగనివ్వకండి.

పొగమంచు · అక్టోబరు 12, ఉదయం 7:55

గుమ్మంలో పొగకు డ్రై ఐస్ (గడ్డకట్టిన కార్బన్ డయాక్సైడ్) చక్కగా ఉంటుంది, కానీ నియమాలు తప్పకూడదు. అది సుమారు మైనస్ 78 డిగ్రీల సెల్సియస్. వట్టి చేత్తో ముడితే చర్మం కాలినట్టవుతుంది. మందపు గ్లోవ్స్, పట్టకారు ఉండాలి. మూత బిగించిన డబ్బాలో పెడితే వాయువు పేరుకుని పేలుతుంది. కారులో తెచ్చేటప్పుడు కిటికీ దించండి. మామూలు కూలర్‌లో రోజుకు అయిదు నుంచి పది పౌన్లు ఆవిరైపోతుంది కాబట్టి అదే రోజు కొనాలి.

గాలన్ వేడినీటికి ఒక పౌను వేయండి. కొద్ది నిమిషాల్లో నీరు చల్లబడి పొగ తగ్గుతుంది, అప్పుడు ఐస్ కాదు, వేడినీరు కలపాలి. చాలామంది ఐస్ మీద ఐస్ వేసి డబ్బు వృథా చేస్తారు. వాయువు గాలికన్నా బరువు, నేలబారుగా నిలుస్తుంది. పాకే పిల్లలు, పెంపుడు జంతువులు ఉన్న మూసిన గదిలో వద్దు, ఆరుబయటే. షర్బత్ గిన్నెలో ముక్కలు నేరుగా వేయకండి. పెద్ద గిన్నెలో వేడినీరు, డ్రై ఐస్ వేసి, మధ్యలో షర్బత్ ఉన్న చిన్న గిన్నె పెడితే పొగ చుట్టూ పారుతుంది, తాగేదాంట్లో ముక్క పడదు.

సూదీదారం · అక్టోబరు 12, ఉదయం 9:20

నిలబడే దయ్యాలు గంజితో చేయొచ్చు, అన్నం గంజి మాత్రం పల్చన, చాలదు. కప్పు నీటికి రెండు టేబుల్ స్పూన్ల కార్న్‌స్టార్చ్ చన్నీళ్లలో కలిపి, చిక్కబడేదాకా కాచి చల్లార్చండి. సీసా మీద బెలూన్ నిలబెట్టి, పల్చటి చీజ్‌క్లాత్ రెండు పొరలు గంజిలో ముంచి పిండి, పైన కప్పండి. బెలూన్‌కు ముందు ప్లాస్టిక్ కవర్ చుట్టకపోతే అంటుకుంటుంది. రాత్రంతా ఆరాక బెలూన్ పేల్చండి. ఇది ఇంటి లోపలికే. పోర్చ్‌లో పెట్టేవి అయితే గంజి బదులు తెల్ల జిగురు, నీళ్లు సమానంగా కలిపి వాడండి. గంజిది మంచుతడికి మెత్తబడి రాత్రికి చతికిలబడుతుంది.

బుజ్జమ్మ · అక్టోబరు 12, ఉదయం 10:05

అపార్ట్‌మెంట్లో ఉండేవాళ్లకు? మా దగ్గర పోర్చ్ లైట్లే లేవు.

వీధిదీపం · అక్టోబరు 12, ఉదయం 10:44

లీజింగ్ ఆఫీసులో అడగండి. చాలాచోట్ల క్యాండీ ఇచ్చే ఇళ్లు తలుపుకు ఒక కాగితం అంటిస్తాయి, కాగితం లేని తలుపు తట్టకూడదు. ఇళ్ల వీధుల్లో పోర్చ్ లైటు ఆర్పి ఉంటే అదే అర్థం. బడుల్లో ట్రంక్ ఆర్ ట్రీట్ ఉంటుంది: కార్ల డిక్కీలు అలంకరించి నిలిపి ఉంచుతారు, పిల్లలు కారు కారుకూ తిరిగి క్యాండీ తీసుకుంటారు. ఇంజను ఆపేయాలి, బ్యాటరీ దీపాలే వాడాలి.

నడిచేటప్పుడు వీధికి ఒక వైపు మొత్తం చేసి, మూలన దాటి రెండోవైపు రండి. ఆగిన కార్ల మధ్యలోంచి అడ్డంగా దాటడమే పెద్ద ప్రమాదం. అన్నం తినిపించి బయల్దేరండి. పెరుగన్నం తిన్న పిల్లలు తొమ్మిదింటికి క్యాండీ కోసం పేచీ పెట్టరు.

మిషిగన్ చలి · అక్టోబరు 12, మధ్యాహ్నం 12:15

2024లో దీపావళి, హాలోవీన్ ఒకేరోజు వచ్చాయి. 2027లో దీపావళి అక్టోబరు 29నే. అలాంటప్పుడు ప్రమిదలు పిల్లలు వచ్చే గుమ్మం మెట్ల మీద పెట్టకండి. పాలిస్టర్ కేప్ అంటుకుంటే కరిగి చర్మానికి పట్టేస్తుంది. వెనక వరండాలో వెలిగించండి, ముందు ఎల్‌ఈడీ.

బుజ్జమ్మ · అక్టోబరు 12, మధ్యాహ్నం 1:30

తర్వాత కాయల్ని ఏం చెయ్యాలి? చెత్తలో వేయబుద్ధి కావడం లేదు.

గుమ్మడితోట · అక్టోబరు 12, మధ్యాహ్నం 2:08

రంగు వేయనివి, బ్లీచ్ పట్టనివి ముక్కలు చేసి పెరటి కంపోస్టులో వేయండి, పైన ఎండుటాకులు కప్పండి. గింజలు ముందే తీసేయాలి, లేకపోతే వసంతంలో అక్కడంతా తీగలే. కొన్ని ఊళ్లు నవంబరు మొదటి వారంలో గుమ్మడికాయలు విడిగా సేకరిస్తాయి. దగ్గర్లోని పొలాలు, జంతువుల ఆశ్రయాలు కూడా కొన్ని తీసుకుంటాయి, ఫోన్ చేసి అడగండి. చెక్కనివి, బూజు లేనివి అయితేనే. అడవి అంచున పారబోయకండి, జింకలు రోడ్డు దాకా వస్తాయి. రంగు, వేజలిన్, మెరుపు పూసినవి చెత్తబుట్టలోకే.